మూలపడ్డ డిజిటల్ కెమెరా మళ్లీ పనిచేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒకప్పుడు పెళ్లిళ్లకీ తీర్థయాత్రలకీ వెంట తిరిగిన జేబు కెమెరాలను కాలేజీ పిల్లలు ఇప్పుడు మళ్లీ బయటికి తీస్తున్నారు. దాంతో "ఆన్ కావడం లేదు, ఏం చేయాలి?" అన్న ఉత్తరాలు మాకు ఎక్కువయ్యాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. పూర్తిగా పోయిందనుకున్న కెమెరాల్లో బోర్డు కాలినవి తక్కువ. బ్యాటరీ, దాని కాంటాక్టులు, మూత కింది స్విచ్చి, ఫ్యూజు, లెన్సు: లోపం చాలావరకు ఈ దారిలోనే ఎక్కడో ఉంటుంది. కరెంటు ఎటు వెళ్తుందో అటే, బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి లోపలికి వెతుక్కుంటూ పోవాలి. కొలవకుండా విప్పకండి.

ప్రశ్న: మా దగ్గర కెనాన్ ఇక్సస్ కెమెరా ఉంది. చాలా ఏళ్లుగా బీరువాలోనే ఉండిపోయింది. ఎన్‌బీ-6ఎల్ బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టినా బటన్ నొక్కితే ఏ చలనమూ లేదు. కొత్త బ్యాటరీ కొనమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు పాత బ్యాటరీని చూడండి. పొట్ట ఉబ్బి ఉన్నా, కెమెరాలోంచి బిగుసుకుని వస్తున్నా దాన్ని ఇక వాడకూడదు. గుచ్చకుండా, నొక్కకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. బాగానే కనిపిస్తే మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి, ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర కొలవండి. ఈ రకం బ్యాటరీ 3.7 వోల్టులది. నిండుగా ఉంటే 4.2 దాకా చూపిస్తుంది. రాత్రంతా ఛార్జ్ చేశాక కూడా 3.6 దాటకపోతే తప్పు బ్యాటరీదో ఛార్జర్‌దో అయి ఉంటుంది. మీటర్ సున్నా చూపిస్తే లోపలి రక్షణ సర్క్యూట్ తెగేసుకుని ఉండొచ్చు. దాని సొంత ఛార్జర్‌లో పెట్టి, దగ్గరే ఉండి ఒక గంట చూడండి, కొన్నిసార్లు మేలుకుంటుంది. ఛార్జర్ ఒప్పుకోకపోతే వేరే వైర్లతో నేరుగా కరెంటు ఎక్కించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. 2 వోల్టుల కన్నా కిందికి దిగి ఏళ్ల తరబడి ఉన్న లిథియం సెల్‌లో రాగి కరిగి పేరుకుని లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటిది ఛార్జింగ్‌లో ఉండగానే మండవచ్చు.

4.1 చూపించినంత మాత్రాన బ్యాటరీ మంచిదని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత సెల్ ఊరికే ఉన్నప్పుడు నిండు వోల్టేజీ చూపిస్తుంది, లెన్సు మోటారు లాగగానే కుప్పకూలుతుంది. పరీక్ష ఇలా చేయండి: 4.7 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 10 సెకన్లు ఆనించి, అలా ఉండగానే వోల్టేజీ చూడండి. సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. 3.5 పైన నిలబడితే బ్యాటరీ పనికొస్తుంది. 3.2 కన్నా కిందికి జారితే కొత్తది కొనాల్సిందే. రెసిస్టర్ వేడెక్కుతుంది, వేళ్లతో కాక పట్టకారుతో పట్టుకోండి.

బ్యాటరీ మంచిదని తేలిందనుకుందాం. కెమెరాలో బ్యాటరీ పెట్టే గదిలోని పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. ప్లస్, మైనస్‌తో పాటు ఉండే మూడో పిన్నును వదిలేయకండి. చాలా మోడళ్లలో బ్యాటరీ వేడిని చెప్పేది అదే. దానికి మురికి పట్టినా బ్యాటరీని కెమెరా ఒప్పుకోకపోవచ్చు.

ఆ తర్వాత మూత. బ్యాటరీ మూత లోపలివైపు చిన్న ప్లాస్టిక్ ముక్క పొడుచుకు వచ్చి ఉంటుంది. మూత వేసినప్పుడు అది ఒక బుల్లి స్విచ్చిని నొక్కుతుంది. ఆ ముక్క విరిగితే, మూత తెరిచి ఉందనుకుని కెమెరా అసలు ఆన్ కాదు. బ్యాటరీ లోపలే ఉంచి, మూత తెరిచి, ఆ స్విచ్చిని టూత్‌పిక్‌తో నొక్కి పట్టి పవర్ బటన్ నొక్కండి. కెమెరా ఆన్ అయితే సమస్య తెలిసిపోయినట్టే. విరిగిన చోట 2 మి.మీ. ప్లాస్టిక్ ముక్కను ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రోజు ఆరనివ్వండి. సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరి ప్లాస్టిక్ మీదా అద్దాల మీదా తెల్లటి పొర కడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే ఫ్యూజు చూడాలి. దానికి కెమెరా విప్పాలి కాబట్టి, ముందు కింద ఫ్లాష్ కెపాసిటర్ గురించి రాసింది చదవండి. ఫ్యూజు బోర్డు మీద బ్యాటరీ పిన్నులకు దగ్గర్లో, నువ్వుగింజంత ఉంటుంది. పక్కన చాలాసార్లు 'ఎఫ్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బ్యాటరీ తీసేసి మీటర్‌ను బీప్ రేంజిలో పెట్టి రెండు చివర్లూ తాకండి. బీప్ రాకపోతే ఫ్యూజు పోయింది. అదే విలువది వేయాలి. దాని మీదుగా వైరు ముక్క కలిపేసే మెకానిక్కులూ ఉన్నారు, అది చాలా తప్పు. ఫ్యూజు ఊరికే పోదు. ఎక్కడో షార్ట్ ఉంటే, వైరు వేసిన మరుక్షణం లిథియం బ్యాటరీ పూర్తి కరెంటు బోర్డులోకి వదులుతుంది.

ప్రశ్న: కెమెరా విప్పుదామనుకుంటున్నాను. మొబైల్ ఫోన్లు విప్పిన అలవాటు ఉంది. ఫ్లాష్ దగ్గర షాక్ కొడుతుందని ఒకరు భయపెట్టారు. నిజమేనా? ఏ పనిముట్లు కావాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నిజమే. ఫోన్ అలవాటుతో కెమెరా విప్పేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఫోన్లోని ఎల్ఈడీ ఫ్లాష్‌కు ఇంత వోల్టేజీ అక్కర్లేదు. కెమెరాలోని జెనాన్ ఫ్లాష్ వెలగాలంటే ఒక కెపాసిటర్‌లో 300 వోల్టులు, అంతకు కొంచెం పైన నిలవ ఉండాలి. చిటికెన వేలంత నల్లటి గొట్టం అది, ఫ్లాష్ పక్కనో చేత్తో పట్టుకునే భాగం కిందనో ఉంటుంది. 120 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌లో 330 వోల్టులు ఉంటే దాదాపు 6.5 జౌళ్ల శక్తి. బ్యాటరీ తీసేసినా అది రోజుల తరబడి మిగిలి ఉండొచ్చు. కెమెరా ఆన్ కావడం లేదు కదా అని ధీమా పడొద్దు.

పద్ధతి ఇది. బ్యాటరీ, కార్డు తీసేయండి. పై డొక్కు విప్పగానే కెపాసిటర్ రెండు కాళ్లు ఏ బోర్డులోకి దిగాయో చూసుకోండి, ఏదీ తాకకండి. 1 కిలో ఓమ్, 5 వాట్ల సిరామిక్ రెసిస్టర్ రెండు చివర్లకూ ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టి, ఒక చేత్తోనే పనిచేస్తూ ఆ కాళ్లకు 5 సెకన్లు ఆనించండి. రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోవడం మంచి అలవాటు, కరెంటు గుండె మీదుగా పోయే దారి ఉండదు. తర్వాత మీటర్‌ను 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి కొలవండి. 5 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టాలి. కొన్ని నిమిషాల తర్వాత ఇంకోసారి కొలవండి, ఖాళీ చేసిన కెపాసిటర్‌లో కొద్దిగా వోల్టేజీ తిరిగి ఊరుతుంది. పరీక్ష కోసం మధ్యలో బ్యాటరీ పెట్టి ఆన్ చేస్తే కెపాసిటర్ మళ్లీ నిండుతుంది, మళ్లీ మొదటినుంచీ చేయాల్సిందే. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపేస్తే పెద్ద నిప్పురవ్వ లేచి బోర్డు మీది రాగి పట్టీ ఎగిరిపోతుంది, కంటికీ ప్రమాదం. పాతకాలం ఫిలమెంట్ బల్బును రెసిస్టర్ బదులు వాడొచ్చు గానీ, ఇప్పటి ఎల్ఈడీ బల్బు దానికి పనికిరాదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దిగకూడదు.

ఇక పనిముట్లు. జపాన్ కెమెరాల్లో వాడే స్క్రూలు చూడటానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి. గాడి కోణం మాత్రం కొంచెం తేడా. మామూలు డ్రైవర్ వాటిలోంచి జారి గాడిని నున్నగా చేసేస్తుంది. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) అని రాసి ఉన్న 000, 00 సైజులు తీసుకోండి. వీటితో పాటు వంపు పట్టకారు, పాత ఏటీఎం కార్డులాంటి ప్లాస్టిక్ పలక, మల్టీమీటర్, సన్న మొన ఉన్న సాల్డరింగ్ ఐరన్ ఉంటే చాలు. మీ ఊళ్లోనే కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, వైర్లు, మీటర్లు అన్నీ దొరుకుతాయి.

తెల్లకాగితం మీద కెమెరా బొమ్మ గీసుకుని, తీసిన ప్రతి స్క్రూనూ అది ఉన్న చోటే టేపుతో అంటించండి. సైజులు దాదాపు ఒకేలా కనిపిస్తాయి, కానీ పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే వెనకనున్న స్క్రీన్‌నో బోర్డునో పొడిచేస్తుంది. రిబ్బన్ కేబుళ్ల సాకెట్లలో రెండు రకాలున్నాయి. నల్లటి రెప్ప ఉన్నదాన్ని గోటితో పైకెత్తితే కేబుల్ దానంతటదే వదులవుతుంది. రెప్ప లేనిదాంట్లోంచి నేరుగా వెనక్కి లాగాలి. ఏ రకమో చూడకుండా లాగితే రెప్ప విరుగుతుంది, అది అతికే వస్తువు కాదు.

ప్రశ్న: సూర్యలంక బీచ్‌కి వెళ్లొచ్చినప్పటి నుంచి మా కెమెరా లెన్సు సగం బయటికొచ్చి ఆగిపోతోంది. మూడుసార్లు బీప్ కొట్టి 'లెన్స్ ఎర్రర్' అంటూ ఆఫ్ అయిపోతోంది. చేత్తో లోపలికి నొక్కవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నొక్కొద్దు. లోపల ఉన్నవి ప్లాస్టిక్ పళ్ల చక్రాలు. మీరు బలవంతంగా నొక్కితే అవి వెనక్కి తిరగవు, పళ్లు ఊడిపోతాయి.

ముందుగా నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీ పెట్టి చూడండి. కెమెరాలో ఎక్కువ కరెంటు తాగేవాటిలో లెన్సు మోటారు ఒకటి. బలహీనమైన బ్యాటరీతో లెన్సు సగంలో ఆగిపోతే కెమెరా దాన్నీ లెన్సు ఎర్రర్‌గానే లెక్కగడుతుంది. పాత కెనాన్‌లలో ఇది ఈ18 అని పడుతుంది. సోనీల్లో ఈ:61:10 అని వస్తే ఫోకస్ దగ్గర, ఈ:62:10 అని వస్తే వణుకు సరిచేసే భాగం దగ్గర తేడా ఉందని అర్థం.

బ్యాటరీ మారినా అంతే ఉంటే, బీచ్ అన్నారు కాబట్టి ఇసుకే అయి ఉంటుంది. లెన్సు నేలవైపు ఉండేలా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గొట్టాల సందుల్లోకి గాలి కొట్టండి. స్ప్రే డబ్బాల గాలి వద్దు, అందులోంచి ద్రవం చిమ్మి అద్దాల మీద పడుతుంది. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మి.మీ. దాన్ని అర అంగుళం వెడల్పు పట్టీగా కత్తిరించి, ఒక గొట్టానికీ ఇంకో గొట్టానికీ మధ్య సందులో దూర్చి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ తట్టుకుంటే అక్కడ రేణువుంది. కాగితాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, మళ్లీ గాలి కొడుతూ దాన్ని బయటికి రప్పించాలి. లెన్సు కిందికే ఉంచి ఆన్ చేసి చూడండి. రెండు మూడుసార్లు చేసినా కదలకపోతే ఆపేయండి. ప్రతిసారీ మోటారు ఆ రేణువును పళ్లలోకి ఇంకా లోతుగా నూరుతుంది.

ఈ దశలో చెవి మంచి సాధనం. మోటారు తిరిగే చప్పుడు వస్తూ లెన్సు కదలకపోతే పళ్ల చక్రం అరిగింది. 'టక్ టక్'మని ఆగిపోతుంటే ఏదో అడ్డు పడింది. అసలు చప్పుడే లేకపోతే మోటారో దాని రిబ్బనో పోయింది. కింద పడి లెన్సు వంకరైన కెమెరాల్లో కథ వేరు. గొట్టం చుట్టూ సందు ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా కనిపిస్తుంది. గైడ్ పిన్ను గాడిలోంచి తప్పింది అన్నమాట. బ్యాటరీ తీసేసి, బయటికి లేచి ఉన్న వైపు బొటనవేళ్లతో నెమ్మదిగా నొక్కితే 'క్లిక్' అని గాడిలో కూర్చోవచ్చు. లెన్సును చేత్తో నొక్కగలిగే సందర్భం ఇదొక్కటే.

నూనె, డబ్ల్యూడీ-40 ఏదీ చుక్క కూడా వేయకండి. అది పాకుతూ పోయి షట్టర్ రేకుల మధ్య చేరుతుంది. రేకులు అతుక్కుపోతే ఆ లెన్సు ఇక బాగుపడదు.

పళ్లు పోతే విడి చక్రాలు దొరకవు, లెన్సు యూనిట్ మొత్తం మార్చాలి. స్క్రీన్ పగిలిన అదే మోడల్ కెమెరాను పాత సామాన్ల దగ్గర చవగ్గా కొని, దాని లెన్సు తీసి వేసుకోవడమే మేలైన దారి. కాంతిని బొమ్మగా మార్చే సెన్సర్ కూడా సాధారణంగా లెన్సు యూనిట్‌కే బిగించి ఉంటుంది కాబట్టి రెండూ కలిపే మారుతాయి. సెన్సర్‌ను విడదీయకండి. దాని వెనక ఉండే పల్చటి రేకులు తీసి మళ్లీ పెట్టేటప్పుడు వరస మారితే ఫోకస్ తప్పుతుంది.

ప్రశ్న: నికాన్ కూల్‌పిక్స్, రెండు పెన్ సెల్లులతో నడిచేది. లోపల సెల్లులు కారి తెల్లగా పిండిలా పట్టేసింది. పనికొస్తుందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: చాలావరకు పనికొస్తుంది. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం. కళ్లద్దాలు, చేతులకు గ్లవ్స్ వేసుకుని, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రెండు చుక్కలు అద్దిన ఇయర్‌బడ్‌తో రుద్దండి. కొంచెం నురగ వస్తుంది. అది ఆగాక డిస్టిల్డ్ వాటర్ తడి బడ్‌తోనూ, చివర్లో ఐసోప్రొపైల్‌తోనూ తుడవండి. పులుపును అక్కడే వదిలేస్తే అదే లోహాన్ని తింటుంది. గోడ గడియారాల్లో వేసే జింక్ కార్బన్ సెల్ కారితే మాత్రం అది ఆమ్లగుణం కలది. దానికి వెనిగర్ కాదు, నీళ్లలో కలిపిన వంటసోడా వాడాలి.

స్ప్రింగు మీద నల్లమచ్చ మిగిలితే 1000 నంబరు గరుకు కాగితంతో రెండుసార్లు గీకండి. స్ప్రింగు తినేసి తెగిపోతే పాత టీవీ రిమోట్‌లోది సరిపోతుంది. అప్పటికీ ఆన్ కాకపోతే స్ప్రింగు నుంచి బోర్డు దాకా మీటర్‌తో బీప్ చూడండి. కారిన ద్రవం వైరు లోపలికి పాకి పైకి కనిపించకుండానే దాన్ని తినేసి ఉండొచ్చు.

శుభ్రం చేశాక ఏ సెల్లులు వేస్తారన్నది ముఖ్యం. గడియారం సెల్లులతో కెమెరా ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. అంత కరెంటు ఇచ్చే శక్తి వాటికి లేదు. 2000 ఎంఏహెచ్ రీఛార్జబుల్ నికెల్ సెల్లులు కొనండి. అవి 1.2 వోల్టులవే అయినా కెమెరాకు బాగా సరిపోతాయి. మెనూలో బ్యాటరీ రకం అడిగే చోట ఆ రకమే ఎంచుకోండి, లేకపోతే ఛార్జ్ ఉండగానే అయిపోయిందంటుంది.

ప్రశ్న: కెనాన్ పవర్‌షాట్ ఏ75. ఆన్ అవుతుంది, మెనూ కనిపిస్తుంది, పాత ఫొటోలూ చూపిస్తుంది. ఫొటో తీయబోతే మాత్రం స్క్రీన్ నల్లగా, ఊదా గీతలతో ఉంటుంది. స్క్రీన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మెనూ, పాత ఫొటోలు సరిగ్గా కనిపిస్తున్నాయంటే స్క్రీన్ బాగానే ఉంది. మీ కెమెరాలో పోయింది సెన్సర్. 2002 అక్టోబరు నుంచి 2004 మార్చి దాకా సోనీ తయారుచేసిన కొన్ని సీసీడీ సెన్సర్లలో లోపలి సన్న తీగల అతుకులు వేడికీ తేమకీ ఊడిపోయేవి. ఆ సెన్సర్లు సోనీలోనే కాదు, కెనాన్, నికాన్, ఫుజీ, ఒలింపస్ లాంటి కంపెనీల కెమెరాల్లోనూ ఉన్నాయి. 2005 అక్టోబరులో కంపెనీలు ఈ లోపాన్ని ప్రకటించి ఉచితంగా బాగుచేసి ఇచ్చాయి. ఆ సదుపాయం ముగిసి చాలా కాలమైంది. సముద్రపు ఊళ్ల ఉక్కపోతలో ఉన్న కెమెరాలకు ఇది రావడంలో వింత లేదు. సెన్సర్ లోపలి అతుకు ఇంట్లో సరిచేయగలిగింది కాదు. ఆ కాలపు కెమెరాలు కొనేవాళ్లు మెనూ చూసి సంతృప్తి పడకుండా, ఒక ఫొటో తీసి చూసే డబ్బివ్వండి.

ప్రశ్న: గోదావరిలో పడవ దిగేటప్పుడు కెమెరా నీళ్లలో పడింది. వెంటనే తీసి బియ్యం డబ్బాలో పెట్టాం. ఎన్నాళ్లు ఉంచాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బియ్యంలోంచి ఇప్పుడే తీసేయండి. బియ్యం లోపలి నీటిని లాగలేదు, పైపెచ్చు దాని పొడి లెన్సు సందుల్లోకి చేరుతుంది. బ్యాటరీ ఇంకా లోపలే ఉంటే ముందు దాన్ని తీయండి. తడిసిన కెమెరాను చంపేది నీళ్ల కన్నా తడి బోర్డులో పారే కరెంటే. అది గంటల్లోనే సన్న రాగి దారులను తినేస్తుంది. అందుకే "పనిచేస్తుందో లేదో" అని ఆన్ చేసి చూడకూడదు.

మూతలన్నీ తెరిచి ఫ్యాను గాలికి ఒక పూట ఆరనిచ్చి, పైన చెప్పినట్టు కెపాసిటర్ ఖాళీ చేసి విప్పండి. బోర్డును మెత్తని టూత్‌బ్రష్‌తో, 99 శాతం ఐసోప్రొపైల్‌తో కడగండి. మొబైల్ రిపేర్ సామాన్ల షాపుల్లో అది దొరుకుతుంది. మందుల షాపులోని సర్జికల్ స్పిరిట్‌లో వేరే పదార్థాలు కలిసి ఉండొచ్చు, అవి పొరలా మిగిలిపోతాయి. సముద్రపు నీళ్లయితే ఐసోప్రొపైల్ కన్నా ముందు, ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో బోర్డును కడగాలి. ఉప్పు ఆల్కహాల్‌లో కరగదు. స్క్రీన్‌నూ లెన్సునూ ముంచకండి, తుడిచి ఆరనివ్వాలంతే. తర్వాత గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో మూడు రోజులు పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి తడిని ఇంకా లోపలికి తోస్తుంది, ప్లాస్టిక్ గొట్టాలు వంగుతాయి.

ప్రశ్న: కెనాన్ ఈఓఎస్ 550డీ. బ్యాటరీ నిండుగా ఉన్నా ఒక్కోసారి అసలు ఆన్ కాదు, అయినప్పుడు 'ఎర్ 01' అంటోంది.
– ఫొటో స్టూడియో యజమాని, నిజామాబాద్

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు కావచ్చు. ఆన్ కాకపోవడానికి బ్యాటరీ మూత, కార్డు మూత రెండూ చూడండి. కార్డు మూత సరిగ్గా పడకపోయినా ఈ కెమెరా ఆన్ కాదు. బ్యాటరీ రెండు సెల్లులది, నిండితే 8.4 వోల్టులు ఉండాలి.

ఎర్ 01 అంటే లెన్సుకూ కెమెరాకూ మధ్య సంబంధం తెగడం. లెన్సు తీసి, రెండు వైపులా బంగారు కాంటాక్టులను ఐసోప్రొపైల్‌తో తుడవండి. తర్వాత ఎపర్చర్‌ను (లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచిన విలువ దగ్గర పెట్టి ఒక ఫొటో, ఎఫ్8 దగ్గర పెట్టి ఒక ఫొటో తీయండి. మొదటిది వచ్చి రెండోదానికే ఎర్రర్ పడితే లెన్సులోని ఎపర్చర్ రిబ్బన్ పగిలిందని అర్థం. 18-55 కిట్ లెన్సుల్లో జూమ్ తిప్పీ తిప్పీ ఆ రిబ్బన్ మడత దగ్గర చీలడం మామూలే. వేరే లెన్సు పెట్టి ఒకసారి నిర్ధారించుకుంటే కెమెరా బాడీని విప్పే పనే ఉండదు.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతోంది. ఇంకో కెమెరాలో కొత్త 64 జీబీ కార్డు పెడితే 'కార్డ్ ఎర్రర్' అంటోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తేదీని గుర్తుపెట్టుకునే బుల్లి బ్యాటరీ అయిపోయింది. కొన్ని పవర్‌షాట్‌లలో సీఆర్1220, కెనాన్ 350డీ, 400డీల్లో సీఆర్2016 బయటినుంచే మార్చుకోవచ్చు. అలాంటి గది కనిపించకపోతే లోపల ఉన్నది రీఛార్జబుల్ రకం కావచ్చు. నిండు బ్యాటరీ పెట్టి ఒక రోజంతా వదిలేస్తే అదే నిండుతుంది. కార్డుది పాత కెమెరాల సమస్య: 64 జీబీ అంటే ఎస్‌డీఎక్స్‌సీ రకం, పాత కెమెరాలు దాన్ని చదవలేవు. 4 నుంచి 32 జీబీ దాకా ఉండేవి ఎస్‌డీహెచ్‌సీ. మరీ పాత కెమెరాలు వాటినీ చదవలేవు, 2 జీబీ లోపు మామూలు ఎస్‌డీ కార్డే కావాలి. ఏది పెట్టినా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు.